ఇంగ్లీషు జాతీయాలు – మన నుడికారం

మన విద్యార్థులను ఇంగ్లీషులో బాధించేవి పెద్ద పెద్ద మాటలని చాలామంది అభిప్రాయం. తరగతిలో పరీక్షించి చూస్తే సంగతి వేరుగా ఉన్నది. ‘పోస్ట్‌పోన్’ అనే మాటకు అర్థం అడిగితే వెనుక బెంచీలోని విద్యార్థి కూడా ‘వాయిదా వేయడం’ అని తడుముకోకుండా చెబుతాడు. అదే అర్థం గల ‘పుట్ ఆఫ్’ను వాక్యంలో పెట్టి ఇస్తే మొదటి బెంచీ సైతం మౌనం వహిస్తుంది. ‘పుట్’ అంటే పెట్టడమని తెలుసు. ‘ఆఫ్’ అంటే దీపం ఆర్పేటప్పుడు అనే మాట అని తెలుసు. ఈ రెండూ కలిసి పరీక్షను వచ్చే వారానికి ఎలా జరిపాయో మాత్రం తెలియదు. ‘టాలరేట్’ తెలిసినవారికి ‘పుట్ అప్ విత్’ తెలియదు; ‘ఇన్వెస్టిగేట్’ తెలిసినవారికి ‘లుక్ ఇంటు’ తెలియదు.

ఇందుకు కారణం లేకపోలేదు. ఇంగ్లీషులోని పెద్ద మాటలలో చాలా భాగం లాటిన్, ఫ్రెంచి భాషల నుండి వచ్చి చేరినవి. అవి మన తత్సమాల వంటివి. గంభీరంగా ఉంటాయి, ఒక అర్థానికి కట్టుబడి ఉంటాయి, నిఘంటువు తెరిస్తే దొరుకుతాయి. గెట్, పుట్, గివ్, లుక్, బ్రేక్ వంటి చిన్న క్రియలు అట్లా కావు. ఇవి తరతరాలుగా ఇంట్లో వాడుకలో నలిగిన మాటలు. పరదేశస్థుడొకడు తెలుగు నేర్చుకుంటున్నాడనుకోండి. ‘మరణించాడు’ అన్నది అతనికి ఒక్కరోజులో వస్తుంది. ‘పోయాడు’ అన్నప్పుడు ఊరికి పోయాడా, పైకి పోయాడా అని తేల్చుకొనడానికి ఏడాది పడుతుంది.

తెలుగు చెప్పే అధ్యాపకునికి ఇంగ్లీషు ప్రస్తావన ఎందుకని కొందరు అనుకోవచ్చును. మన కళాశాలలో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు అయిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. మూడు భాషలు మోయడం భారమని వారి బాధ. ఇంగ్లీషు పలుకుబళ్ళ విషయంలో మాత్రం ఆ రెండు భాషలూ తాళంచెవులుగా పనికివస్తాయని నా నమ్మకం. దానిని నిరూపించడానికే ఈ ప్రయత్నం.

ఇంగ్లీషువారు ఇడియం అనేదానిని మనం జాతీయం, నుడికారం, పలుకుబడి అని వ్యవహరిస్తున్నాం. ఉర్దూలో ముహావరా. ఒక్కొక్క మాట అర్థం కూడితే వచ్చే మొత్తం ఒకటి, జనం ఇచ్చుకొన్న అర్థం మరొకటి అయినప్పుడు అది జాతీయం. ‘ఉద్యోగం కోసం కాళ్ళకు బలపం కట్టుకొని తిరిగాడు’ అంటే బలపం ఎక్కడ కొన్నాడని ఎవరూ అడగరు. సామెత వేరు. సామెత తన కాళ్ళమీద తాను నిలిచే వాక్యం. దానిని మార్చడానికి వీలులేదు. జాతీయం వాక్యంలో కరిగిపోయి కాలాన్నీ పురుషనూ ధరిస్తుంది: చెవిలో పువ్వు పెట్టాడు, పెడుతున్నారు, పెట్టవద్దు. అందుకే సామెతలను ఏరి కూర్చడం తేలిక. కెప్టెన్ కార్ అనే దొర 1868లోనే మద్రాసులో తెలుగు సామెతల సంపుటం వెలువరించాడు. జాతీయాలు అట్లా చేతికి చిక్కవు. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులో అవి క్రియల నీడలో దాగి ఉంటాయి, ఓపికతో వెతుక్కోవాలి.

పదానికి పదం పేర్చితే అనువాదం కాదని మన నెల్లూరు సీమవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి మహాభారతంలోని 15 పర్వాలను తెలుగు చేసినప్పుడు ఆధారపడినది ఈ నుడికారం మీదనే. సంస్కృత వాక్యాన్ని పక్కన ఉంచి, అదే సన్నివేశంలో తెలుగువాడైతే ఏమంటాడో అది అనిపించాడు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా లభించగా, దాని విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుండి తరలివచ్చి 2020 జనవరిలో మన వెంకటాచలంలోనే ప్రారంభమైనది. ఇంగ్లీషు జాతీయం ఎదురైనప్పుడు మన విద్యార్థి చేయవలసినదీ తిక్కన చేసినదే. ఈ సందర్భంలో మా ఇంట్లో ఏమంటారు అని అడుగుకోవాలి.

ఇక ఫ్రేజల్ వెర్బుల సంగతి. ‘గివ్ అప్’, ‘బ్రేక్ డౌన్’, ‘కాల్ ఆఫ్’ వంటి జంట క్రియలివి. 1755లో ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికలో వీటిని ప్రత్యేకంగా ప్రస్తావించి, విదేశీయులను మిక్కిలి కష్టపెట్టేవి ఇవేననీ, అందుచేతనే శ్రద్ధగా సేకరించాననీ చెప్పుకొన్నాడు. అప్పటికి వీటికొక పేరైనా స్థిరపడలేదు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో వ్రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ గ్రంథంలో కనబడుతుంది. దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ వ్రాశాడు. కాబట్టి ఇవి కష్టమని వాపోయేవారిలో మనం మొదటివారం కాము.

అయితే ఈ కష్టం మనకు కొత్తది కూడా కాదు. మన ‘కొట్టు’ అనే క్రియను తీసుకోండి. కొట్టివేయు, కొట్టిపారవేయు, కొట్టుకొనిపోవు, ఎగగొట్టు, పడగొట్టు. న్యాయస్థానం దావాను కొట్టివేసిందంటే ఏ కర్రతో అని పరదేశస్థుడు అడుగుతాడు. పెన్న పొంగితే పంట కొట్టుకొనిపోతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు. కుర్రవాడు బడి ఎగగొడతాడు. సినిమాకు పోయి గొప్పలు కొడతాడు. చెరువులో ఈత కొడతాడు. ఇవన్నీ మనకు ఎవరూ పట్టికలు వేసి నేర్పలేదు.

ఇంగ్లీషులో ‘అప్’ అనే చిన్న మాటను పరిశీలించండి. దానికి ‘పైకి’ అని అర్థం చెప్పుకొని మన విద్యార్థి ముందుకు కదలలేకపోతున్నాడు. ‘ఈట్’ అంటే తిను. ‘ఈట్ అప్’ అంటే పైకి తినడం కాదు, తినివేయడం. ‘డ్రై’ అంటే ఎండు. ‘డ్రై అప్’ అంటే ఎండిపోవు. ‘యూజ్’ అంటే వాడు. ‘యూజ్ అప్’ అంటే వాడివేయు. పని పూర్తి అయినదని చెప్పడానికి ఇంగ్లీషు క్రియ వెనుక ‘అప్’ను తగిలిస్తుంది. తెలుగు ‘వేయు’, ‘పోవు’ అనే సహాయ క్రియలను తగిలిస్తుంది. ఉర్దూ ‘జానా’, ‘లేనా’, ‘దేనా’లను తగిలిస్తుంది: ఖా జానా, సూఖ్ జానా, పీ లేనా. మూడు భాషలూ చేసే పని ఒకటే. ‘అప్’ ఉన్నచోటల్లా ఈ సూత్రం చెల్లుతుందని కాదు. ‘బ్రింగ్ అప్’ అంటే పెంచి పెద్దచేయడం, ‘టర్న్ అప్’ అంటే వచ్చి హాజరు కావడం. కాని సగం బరువు దీనితో దిగిపోతుంది.

‘లుక్’ కుటుంబం ఇంకా దగ్గరి బంధువు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూసుకొను. ‘లుక్ డౌన్ ఆన్’ అంటే చిన్నచూపు చూచు. ‘లుక్ ఫార్వర్డ్ టు’ అంటే ఎదురుచూచు. ముందు వైపు అన్న మాటతో సహా మనకు అచ్చంగా సరిపోయింది. ‘లుక్ ఫర్’ అంటే వెతుకు, ‘లుక్ ఇంటు’ అంటే విచారించు. ఇక్కడ మాత్రం మనం వేరే క్రియలకు పోవలసినదే. ఒక హెచ్చరిక. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తరువాత ‘మీటింగ్ యు’ అని రావాలి, ‘మీట్ యు’ అని వ్రాయరాదు. ఉద్యోగ దరఖాస్తు చివరి వాక్యంలో మనవారు తరచు జారిపడే చోటు ఇదే.

తమాషా ఏమంటే, ఈ జంట క్రియలకు తెలుగు చెప్పబోతే ఉర్దూ ద్వారా వచ్చిన మాటలు ముందుగా నోటికి వస్తాయి. ‘పుట్ ఆఫ్’కు వాయిదా వేయు, ‘కాల్ ఆఫ్’కు రద్దు చేయు, ‘టర్న్ అప్’కు హాజరగు, ‘హ్యాండ్ ఇన్’కు దాఖలు చేయు. వాయిదా, రద్దు, హాజరు, దాఖలు అరబ్బీలో పుట్టి పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీలకు చేరి తెలుగు క్రియను చేతపట్టుకొన్నాయి. ఇట్టి మాటలు తెలుగులో ఎన్ని కలిసిపోయాయో గమనించే బ్రౌన్ 1854లో వాటికి విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. ‘వస్తానని చెప్పాడు’ అనే మన వాక్యంలోని ‘అని’ని దక్కనీ ఉర్దూ ‘బోల్‌కే’ అంటూ తనదిగా చేసుకొన్నది. ఉత్తరాది ఉర్దూవారికి అది వింతగా తోస్తుంది.

మాటల క్రమాన్ని గూర్చి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. పరీక్షలో మార్కులు పోయే చోటు కనుక. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అనవచ్చును, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అని కూడా అనవచ్చును. మీటింగుకు బదులు ‘ఇట్’ అనే సర్వనామం వస్తే అది నడుమనే ఉండాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘లుక్ ఆఫ్టర్’ ఇందుకు లొంగదు. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనే అనాలి. ఏది విడివడుతుందో ఏది విడివడదో మంచి నిఘంటువులు గుర్తువేసి చూపుతాయి.

ఫ్రేజల్ వెర్బులు నాకు రావు అనే విద్యార్థి రోజుకు ఎన్ని వాడుతున్నాడో లెక్కించుకోవడం మంచిది. బస్సు టోల్‌ప్లాజా దగ్గర ‘బ్రేక్‌డౌన్’ అయింది. బండికి ‘పికప్’ లేదు. ఊరి బయట కొత్త ‘లేఅవుట్’ వేశారు. ఆసుపత్రికి ‘చెకప్’కు పోయారు. దొంగను ‘లాకప్’లో పెట్టారు. ఇవన్నీ జంట క్రియల నుండి పుట్టిన నామవాచకాలే. నామవాచకమైతే ఊనిక మొదటి భాగం మీద పడుతుంది. క్రియ అయితే ‘లాక్ అప్’ అని రెండవ భాగం మీద పడుతుంది. చెవి పెట్టి వింటే ఈ తేడా తెలుస్తుంది.

ఇక జాతీయాలకు వద్దాం. ఏ జాతి ఏ పనిలో చెమటోడ్చిందో ఆ పనిలోంచే దాని పలుకుబళ్ళు పుడతాయి. ఇంగ్లీషువారు ఓడలవారు. పని మెళకువలు నేర్చుకొనడాన్ని వారు ‘లెర్న్ ద రోప్స్’ అంటారు. తెరచాప ఓడలో ఏ మోకు దేనికో తెలియనివాడు పనికిరాడు. నివ్వెరపోవడాన్ని ‘టేకెన్ అబాక్’ అంటారు. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగి తెరచాపను స్తంభానికి అదిమివేసే స్థితి అది. కృష్ణపట్నం రేవు మనకు ఇంత చేరువలో ఉన్నది. మన తీరపు పల్లెకారుల పిల్లలకు ఈ రెండు జాతీయాలూ గైడు పుస్తకం చెప్పేదానికంటె బాగా అర్థం కావాలి. మన పలుకులలోనూ నీటి వాసన లేకపోలేదు. నష్టం ముంచుకొస్తే ‘పుట్టి మునిగింది’ అంటాం. కష్టం తీరితే ‘గట్టెక్కాడు’ అంటాం. పడవను నిలపడానికి మనం వేసే ‘లంగరు’ పారసీ మాట. అయితే మనవి ఎక్కువగా ఏరు దాటేవాని మాటలు, వారివి సముద్రం దాటేవాని మాటలు. వారి క్రికెట్టు నుండి వచ్చిన ‘స్టికీ వికెట్’ మరొకటి. వానకు తడిసి ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు. చిక్కు పరిస్థితికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు పెద్ద పోటీలలో పిచ్‌కు వానపడకుండా కప్పు వేస్తున్నారు. పిచ్ పోయినా పలుకు పోలేదు.

మూడు భాషలూ ఒకే వస్తువును చూచి మూడు విధాల మాట్లాడిన సందర్భం ఒకటున్నది. ఎప్పుడో గాని జరగనిదానిని ఇంగ్లీషువారు ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటారు. ఒకే నెలలో వచ్చే రెండవ పున్నమిని వారు నీలి చంద్రుడని పిలుస్తారు. అది రమారమి రెండున్నర ఏండ్లకొకసారి వస్తుంది. మనం ‘అమావాస్యకో పున్నమికో’ అంటాం. ఉర్దూలో ‘ఈద్ కా చాంద్’ ఉన్నది కదా, అదే పెట్టేద్దామని మన విద్యార్థికి తోస్తుంది. అక్కడే చిక్కు. ఈద్ కా చాంద్ మనిషిని గూర్చిన మాట. చాలాకాలానికి కనబడిన మిత్రుణ్ణి పట్టుకొని, ఈద్ నాటి నెలవంక అయిపోయావే అంటాం. దానికి తెలుగులో సరియైన జోడు ‘నల్లపూస అయిపోయావు’. నీలి చంద్రుడు సంఘటనను గూర్చిన మాట. చంద్రుడు ఒక్కడే గదా అని ఒకదాని స్థానంలో మరొకటి పెడితే వాక్యం చెడుతుంది. ‘టేక్ టు వన్స్ హీల్స్’ విషయంలో ఇట్టి పేచీ లేదు. వారు మడమలకు పని చెప్పారు. మనం కాళ్ళకు బుద్ధి చెప్పాం. ఉర్దూవారు తొమ్మిదీ రెండూ కలిపి ‘నౌ దో గ్యారా’ అయ్యారు. ముగ్గురూ పారిపోయారు.

జాతీయానికి అర్థంతోబాటు మర్యాద కూడా ఉంటుంది. దీనిని గైడు పుస్తకాలు చెప్పవు. ‘కిక్ ద బకెట్ – చనిపోవు’ అని ఒక పంక్తి, దాని క్రిందనే ‘పాస్ అవే – చనిపోవు’ అని మరొక పంక్తి అచ్చువేస్తాయి. రెండూ కంఠస్థం చేసిన విద్యార్థి తాతగారు కాలం చేసిన మిత్రునికి సానుభూతి లేఖ వ్రాస్తూ మొదటిదాన్ని ఎంచుకొంటే ఏమి కావాలి? మన వాడుకలోని ‘బాల్చీ తన్నేశాడు’ దానికి సరిగ్గా జోడు. చూడబోతే ఇంగ్లీషు పలుకును చూచి మనవారు చేసుకొన్నదే అనిపిస్తుంది. బాల్చీ అన్నది ఉర్దూ బాల్టీ. ఆ బాల్టీ పోర్చుగీసువారి నుండి వచ్చింది. నాలుగు భాషలు చేయి కలిపిన ఈ మాటను పరిహాసానికి తప్ప వాడరాదు. ‘టపా కట్టేశాడు’ కూడా అంతే. ‘పాస్ అవే’ మర్యాద గల మాట. అందులో దాటిపోవడం ఉన్నది; ఉర్దూ ‘గుజర్ జానా’లో అచ్చంగా అదే దాటిపోవడం ఉన్నది. ఇంకా గౌరవంగా ‘ఇంతెకాల్ ఫర్మానా’ అంటారు. తెలుగులో కాలం చేశారు, పరమపదించారు అంటాం. ఇంట్లో పెద్దలను గూర్చి ఏ మాట వాడతారో తెలిసిన పిల్లలకు ఈ తేడా ఒకసారి చెబితే చాలును.

ఈ ‘పాస్’తోనే మరొక ప్రమాదమున్నది. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని మన పట్టభద్రులు ధారాళంగా వ్రాస్తారు. మన దేశంలో దానికి పట్టా పుచ్చుకొన్నానని అర్థం, ఎవరూ తప్పుపట్టరు. బ్రిటనులో సైనిక శిక్షణ ముగించినవారిని గూర్చి ఆ మాట అంటారు. మామూలు సంభాషణలో మాత్రం దాని అర్థం స్పృహతప్పి పడిపోవడం. విదేశీ సంస్థ ముందు ఇంటర్వ్యూకు కూర్చున్న అభ్యర్థి తాను 2019లో మూర్ఛపోయానని చెప్పుకొంటే ఎదుటివారు నవ్వు ఆపుకోవలసివస్తుంది. అక్కడ ‘గ్రాడ్యుయేటెడ్’ అనడం క్షేమం. ‘కోప్ అప్ విత్’ అనే మాట కూడా మనలో బాగా చెలామణిలో ఉన్నది. ‘కోప్ విత్’ అంటే సరిపోతుంది, అప్ అనవసరం. కార్యాలయాలలో ‘ఫైలు పుటప్ చేయండి’ అంటారు. పై అధికారి ముందు పెట్టండని భావం. అది మన కచేరీల సొంత పలుకుబడి. మన దేశపు అవసరాలకు మన దేశపు ఇంగ్లీషు ఏర్పడడంలో తప్పులేదని నా అభిప్రాయం. ఏది ఇంటి మాట, ఏది బయటి మాట అన్న వివేకం ఉంటే చాలు.

ఇంగ్లీషు జాతీయాలు కొన్ని తెలుగు వేషం వేసుకొని మన వార్తాపత్రికలలో తిరుగుతున్నాయి. మొసలి కన్నీరు, తెల్ల ఏనుగు, బంతి వారి కోర్టులో ఉన్నది. మొసలి కన్నీరు బాగా ఇమిడింది; ఉర్దూలోనూ ‘మగర్‌మచ్ఛ్ కే ఆంసూ’ అయి స్థిరపడింది. బంతి సంగతి నాకంతగా రుచించదు. టెన్నిసు చూడని పల్లెలో ఆ మాటకు ఉనికి లేదు. ‘ఇక వారి ఇష్టం’ అంటే పోయేదానికి కోర్టు దాకా ఎందుకు?

చదివే పద్ధతిని గూర్చి అడిగేవారికి ఒక్క మాట. యాభై జాతీయాల పట్టికను పరీక్ష ముందురాత్రి వల్లించడం వల్ల ప్రయోజనం స్వల్పం. వాక్యంలో కలిసినప్పుడు పట్టుకోండి. నిఘంటువులో ఫ్రేజల్ వెర్బు ఆ క్రియకు ఇచ్చిన వివరణ చివర ఉంటుంది. జాతీయం దానిలోని ముఖ్యమైన మాట క్రింద ఉంటుంది. మనవారు విరివిగా వాడే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి నిఘంటువుకు మూలమైన గ్రంథాన్ని హార్న్‌బీ, తన సహచరులిద్దరితో కలిసి, జపాను విద్యార్థుల కోసం కూర్చాడు. అది 1942లో టోక్యోలో అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ చేతికి వచ్చింది. ఇంగ్లీషు మాతృభాష కాని ఆసియా విద్యార్థి ఎక్కడ తడబడతాడో గమనించి చేసిన పుస్తకం కనుక అది మనకు అక్కరకు వస్తున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు చిన్న మనవి. గ్రంథాలయంలో ఆ నిఘంటువు ప్రతులు మరి నాలుగు చేర్చి, పక్కన మూడు గళ్ళ రిజిస్టరు ఒకటి ఉంచితే బాగుంటుంది. మొదటి గడిలో విద్యార్థి తాను చదివిన ఇంగ్లీషు పలుకును వాక్యంతో సహా వ్రాయాలి. రెండవ గడిలో తెలుగు, మూడవ గడిలో ఉర్దూ. గడి నింపేముందు ఇంట్లో అమ్మనో నాయనమ్మనో, దాదీనో నానీనో అడిగి రావాలన్నది ఒక్కటే నిబంధన. ప్రారంభంగా ‘కాల్ ఇట్ ఎ డే’ను వ్రాసి, దాని ఎదుట ‘ఈ పూటకు కట్టిపెడదాం’ అని తెలుగు గడి నింపి ఇస్తాను. ఉర్దూ గడిని విద్యార్థులకు వదిలిపెడుతున్నాను.